ఇరవై మూడో ఫ్రేమ్

ఫుట్స్‌క్రే, మెల్బోర్న్
12 మార్చి 1985

క్లెమ్ మామయ్యా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు కోపం.

ఆదివారం మెరింగా విమాన ప్రదర్శనలో చూసింది ఇంకా మర్చిపోలేకపోతున్నాను. మన కళ్ళ ముందే ఆ పసుపుపచ్చ విర్రవే, ఆ పాత యుద్ధకాలపు విమానం, రెక్క వాల్చి వంపు తిరిగింది, తిరుగుతూ తిరుగుతూ గాలివాలు చూపే గుడ్డసంచి స్తంభం అవతల బార్లీ కోసేసిన పొలంలో కూలింది. నల్లటి పొగ లేచింది. మైకు పట్టుకున్నవాడు అప్పుడు ఏమన్నాడో గుర్తుందా? "దయచేసి ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. టీ, కేకుల గుడారం తెరిచే ఉంటుంది." కేకులు! ఒక మనిషి నలభై ఏళ్ళనాటి ఇనుములో కాలుతుంటే కేకులు!

ప్రదర్శన కమిటీ ఆ ఆయుధాల కంపెనీ గుడారానికి తివాచీ పరిచింది. నేను లోపలికి తొంగి చూశాను. సూట్లు వేసుకున్న మగాళ్ళు క్షిపణుల రంగుల పుస్తకాలు ఒకరికొకరు ఇచ్చుకుంటూ రొయ్యలు తింటున్నారు. బయట పిల్లలు ఐస్‌క్రీములు నాకుతూ ఆకాశం చూస్తున్నారు. యుద్ధాన్ని తినుబండారాలతో కలిపి అమ్మడం అంటే ఇదే. మా యుద్ధవ్యతిరేక కరపత్రాల్లో రెండేళ్ళుగా రాస్తున్నది కళ్ళారా చూశాను.

ఫిల్మ్ నిన్న నేను పనిచేసే లాబ్‌లోనే కడిగి, ఎవరిదో పెళ్ళి రీళ్ళ పక్కన ఆరేశాను. ఇరవై నాలుగో ఫ్రేమ్ ప్రింట్ ఇందులో పెట్టాను, చూడు. పడడానికి రెండు మూడు సెకన్ల ముందు తీసింది. విర్రవే వీపు మొత్తం కనిపిస్తోంది, పైలట్ రాస్ టిండల్ తల కూడా కనిపిస్తోంది. ఇప్పుడు ముక్కు దగ్గర పంకా చూడు. మూడు రెక్కలూ మేకులు కొట్టినట్టు నిలబడి ఉన్నాయి. ఇంజన్ గాల్లోనే ఆగిపోయింది, మామయ్యా. తివాచీలకి ఖర్చుపెట్టినవాళ్ళు పాత విమానాన్ని సరిగ్గా చూసుకోలేదు.

వచ్చే కరపత్రంలో వేస్తున్నాం. శీర్షిక నేనే పెట్టాను: "గాల్లో ఆగిన ఇంజన్, నేల మీద ఆగని విందు." మా ఇంట్లో కరపత్రాలు అచ్చువేసే రోనియో మిషను మా సంఘం హ్యూగోది, అతనికి తెగ నచ్చింది.

నువ్వు ఆ రోజు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బస్సు ఎక్కించేటప్పుడు కూడా. ఎందుకు?

మండిపోతున్న నీ మేనకోడలు,
నెరిడా

•

మెరింగా
17 మార్చి

ఏమే నెరిడా,

ప్రింట్ అందింది. ఫోకస్ బాగుంది. అంతవరకే మెచ్చుకుంటున్నాను.

రాస్ బతికాడు. తుంటి విరిగింది, దవడ ముక్కలైంది. దవడకి తీగ చుట్టారు, మూడు నెలలు నోరు తెరవలేడు. మీ మెల్బోర్న్‌కే తీసుకెళ్ళారు.

కరపత్రం ఆపు. అడుక్కుంటున్నాననుకో, తిడుతున్నాననుకో, ఎలా అనుకున్నా సరే, ఆపు. ఇంజన్ ఆగలేదు. నేను నీకు రెండు గజాల దూరంలో నిలబడి ఉన్నాను. నేల తగిలేదాకా అది మోగుతూనే ఉంది. రాస్ మరీ కిందికి వచ్చాడు, వంపు మరీ గట్టిగా పట్టాడు, వేగం చచ్చింది. రెక్క గాలి మీద పట్టు వదిలేసింది. అంతే.

నాకు ఇరవై మూడో ఫ్రేమ్ పంపు. దానికి ముందుది. ప్రింట్ తీయక్కర్లేదు, నెగటివ్ పంపినా సరే. ఫోటోల వివరాలు రాసుకునే నీ నోటుబుక్కులో ఆ పేజీ కూడా.

నీకు పన్నెండో ఏట మన మెకానిక్ ఎర్నీ పాస్కో పళ్ళపెట్టెతో ఎత్తుపీట చేసిచ్చాడు, కంచె మీంచి నీకు విమానాలు కనపడాలని. దాని మీద నిలబెట్టి నేను నీకు మొదట నేర్పిన పాఠం ఏమిటి? అది గుర్తు తెచ్చుకుని అప్పుడు ఫ్రేము చూడు.

మీ మామయ్య

•

ఫుట్స్‌క్రే
26 మార్చి

మామయ్యా,

నీ ఉత్తరం వచ్చేసరికి కరపత్రం బయటికి వెళ్ళిపోయింది. వెళ్ళకపోయినా ఆపేదాన్ని కాదు.

వీధి మూలల్లో నిలబడి పంచాం. మూడో రోజుకి పెద్ద పేపరు వాళ్ళు ఇంటికొచ్చారు. శనివారం వాళ్ళ మూడో పేజీలో నా ఫోటో, కింద నా పేరు, పక్కన "ఆగిన ఇంజన్ ఎవరి పాపం?" అని. కమిటీ అధ్యక్షుడికి ఫోన్ చేస్తే పెట్టేశాడట! హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ మా కాగితాలు ట్రామ్ స్టాపుల్లో నలిగి పడి ఉండేవి. ఇప్పుడు పార్లమెంటులో ఎవరో అడుగుతారంటున్నారు.

నువ్వు మాత్రం కమిటీ టీ తాగి, కమిటీ మాట మాట్లాడుతున్నావు. "మోగుతూనే ఉంది" అట! మైకులో బ్యాండు వాయిస్తుంటే, ముప్ఫై ఏళ్ళు ధాన్యం గిడ్డంగి మిషన్ల మధ్య పనిచేసిన నీ చెవులకి ఏం వినపడింది? సరే, నిజంగానే విన్నావు అనుకుందాం. మరి వెళ్ళి అధికారులకి చెప్పు. నాకెందుకు చెప్తున్నావు? విని కూడా ఊరుకున్నవాడికీ, వినని చెవిటివాడికీ తేడా ఏమిటి?

ఇరవై మూడు ఇప్పుడు నా దగ్గర లేదు. నెగటివ్‌లు పేపరు వాళ్ళ దగ్గరున్నాయి.

ఎత్తుపీట సంగతి ఎత్తి నన్ను చిన్నపిల్లని చెయ్యకు. నాకు ఇరవై ఒకటి.

నెరిడా

•

మెరింగా
14 ఏప్రిల్

నెరిడా,

ఇరవై ఒక్కేళ్ళదానివి కాబట్టి ఇరవై ఒక్కేళ్ళవాళ్ళకి రాసినట్టే రాస్తాను.

పార్లమెంటులో ఎవరూ ఏమీ అడగలేదు. కమిటీ అధ్యక్షుడు ఈస్టర్‌కి చేపలు పట్టుకోవడానికి వెళ్ళి ఎర్రగా కమిలి తిరిగొచ్చాడు. కంపెనీ వచ్చే ఏటికి ఇంకా పెద్ద గుడారం అడిగింది. నీ కాగితం వాళ్ళ బూటుకి కూడా తగల్లేదు.

ఎవరికి తగిలిందో తెలుసా? ఇంజన్ ఆగిందంటే ఇంజన్ చూసినవాడెవడు అని అడుగుతారు కదా. తనిఖీ పుస్తకంలో సంతకం ఎవరిది? ఎర్నీ పాస్కోది. మార్చి ఆఖరున ఇద్దరు అధికారులు వచ్చి ఎర్నీ షెడ్డుకి తాళం వేశారు. విచారణ అయ్యేదాకా లైసెన్సు లేదు. ఇంజన్ కాలిపోయింది, అది దానంతట అది చెప్పేది తక్కువ. పంకా వంకరలు చూసి చెప్పేవాళ్ళు ఉన్నారట, వాళ్ళకి తీరిక దొరకాలట. ఈలోగా అందరి దగ్గరా ఉన్నది నీ ఫోటో ఒక్కటే.

షెడ్డు తలుపుకి ఎవరో నీ కరపత్రం మేకు కొట్టి పోయారు. ఎర్నీ దాన్ని పీకలేదు. అలాగే ఉంచాడు.

నిన్న మాంసం కొట్లో నేను వరసలో ఉన్నాను. నా ముందు ఊనా పాస్కో ఉంది. పక్కన గోధుమ పొలాల డాఫ్నీ, ఊనాకి వినపడేలాగే అంది: "మందు చల్లే విమానం శనివారం మా పొలానికి రావాలి. ఎవరు బిగించారో ఏమో, భయమేస్తోందమ్మా."

ఊనా వెనక్కి తిరిగింది. "నీ మొగుడి ట్రాక్టరు బిగించింది కూడా మా ఆయనే, డాఫ్నీ. దాన్ని పొలంలోనే వదిలేసి ఇంటికి నడిచి రమ్మను."

"నేను పేరు పెట్టి అన్లేదే!"

"పేరు పెట్టక్కర్లేదులే. క్లెమ్ మేనకోడలు పేపర్లో పెట్టింది."

అప్పుడు కొట్లో అందరూ నా వైపు చూశారు. నేను కొనాల్సింది కొనకుండానే వచ్చేశాను.

ఎర్నీ దగ్గరికి వెళ్తే ఒకే మాట అన్నాడు: "ఒరే క్లెమ్, పిల్లకి కెమెరా ఎలా తెరవాలో నేర్పావు. నోరు ఎప్పుడు తెరవాలో నేర్పలేదట్రా?"

ఇక పాఠానికి వద్దాం. నువ్వు మర్చిపోయినట్టున్నావు కాబట్టి నేనే అప్పజెపుతాను. జెట్‌కి పంకా లేదు. అది ఎంత జోరుగా పోయినా సెకనులో వెయ్యో వంతు పెట్టుకుని కొట్టు, గీత చెదరదు. పంకా ఉన్న విమానానికి మాత్రం కెమెరా మీది చక్రం తిప్పి షట్టర్ వేగం దించాలి, నూట ఇరవై అయిదో వంతుకి. చెయ్యి విమానంతో పాటు జారాలి. పదిట్లో ఎనిమిది పాడవుతాయి. పాడవనీ. మిగిలిన రెండిట్లో పంకా పొగమంచులా గుండ్రంగా వస్తుంది, విమానం బతికి ఉంటుంది. బద్ధకించి వెయ్యో వంతులో కొడితే తిరిగే పంకా కూడా ఆగినట్టే పడుతుంది, బొమ్మ విమానాన్ని తాడుతో వేలాడదీసినట్టు. అందుకే మన కంచె దగ్గర జెట్ వెళ్ళిపోగానే అందరం ఒకేసారి కేకేస్తాం: "చక్రం తిప్పండ్రోయ్!"

ఆ ఆదివారం విర్రవేకి ముందు ఎగిరింది ఏమిటి? మిరాజ్ జెట్. నువ్వు చక్రం తిప్పావా?

ఇరవై మూడులో విర్రవే పైకి ఎక్కుతూ ఉండాలి, వంపుకి ముందు అది ఎక్కడం నేను చూశాను. ఇంజన్ లేకుండా ఏ విమానమూ పైకి ఎక్కదు. అందులోనూ పంకా నిలబడే ఉంటే, నీ ఇరవై నాలుగుకి విలువ లేదు. పేపరు వాళ్ళ దగ్గరుందని అబద్ధాలు చెప్పకు. నెగటివ్ చేతి నుంచి వదిలేదానివి కాదు నువ్వు, నేను పెంచిన ఫోటోగ్రాఫర్‌వి. విచారణ జూన్ పంతొమ్మిదిన.

క్లెమ్

•

ఫుట్స్‌క్రే
2 మే

క్లెమ్ మామయ్యకి,

పది రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. చింపేద్దామనుకున్నాను. తర్వాత ఆ ఫిల్మ్ పెట్టె తీశాను.

ఇరవై రెండు, ఇరవై మూడు. రెండిట్లోనూ విర్రవే ముక్కెత్తి పైకి పోతోంది, వెనక పొగ గీత కూడా ఉంది. రెండిట్లోనూ పంకా మేకు కొట్టినట్టే ఉంది.

నోటుబుక్కులో మిరాజ్ పక్కన "వెయ్యి" అని రాసి ఉంది. దాని కింద ఖాళీ. తిప్పిన గుర్తు లేదు. తిప్పి ఉంటే రాసేదాన్ని, నువ్వు నేర్పిన అలవాటే కదా. విమానం పడ్డాక చక్రం ఎక్కడుందో ఎవరు చూస్తారు?

నాకు ముందే తెలుసా అని అడుగుతావు. చెప్తాను. నెగటివ్ ఆరేసిన రోజునే ఇరవై మూడు మీద నా కన్ను పడింది. చూసీ చూడనట్టు కత్తెరతో ఇరవై నాలుగుని వేరు చేశాను. రొయ్యలు తినే ఆ మొహాల మీద ఎంత కోపం వచ్చిందంటే, నాకు కావలసిన నిజం చేతికి దొరికింది కదా, ఇక పక్కకి చూడాల్సిన పనేమిటి అనిపించింది. ఇది రాస్తుంటే నా చేతిని నేనే కొరుక్కోవాలనుంది.

ఇప్పుడు నీ వంతు.

మొన్న శుక్రవారం రాస్ టిండల్‌ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. క్షమాపణ చెప్పుకుందామని కాదు, ఇంజన్ సంగతి అతని నుంచే తెలుసుకుందామని. నర్సు ముందే చెప్పింది, పైకి లేచినంతవరకే గుర్తుందట, తర్వాతంతా చీకటట. నోట్లో తీగలు, గడ్డం కింద పలక. నేనెవరో చెప్పగానే కళ్ళు వెలిగాయి. సుద్దముక్కతో మెల్లగా రాశాడు:

"క్లెమ్ పెట్టిన బీరు ఎవర్నీ తాగనివ్వొద్దు. నేను రావాలి."

అతను చెరిపి మళ్ళీ రాశాడు:

"వీపు బాగా వచ్చిందా?"

కంచె దగ్గర పుట్టి పెరిగినదాన్ని నేను. దాని అర్థం నాకు ఒకరు చెప్పాలా? కింద నిలబడ్డవాళ్ళకి ఎప్పుడూ విమానం పొట్టే కనిపిస్తుంది. పైలట్ జనం వైపు రెక్క వంచి వంపు తిరిగితేనే వీపు కనిపిస్తుంది. కిందికి వచ్చి అలా తిరగకూడదని రూలు. రూలు కాబట్టే మీ ముసలాళ్ళు పొద్దున్నే వెళ్ళి రెక్క మీద బీరు పెట్టె లంచంగా పెట్టి, వీపు చూపించమని పైలట్‌కి చీటీ అంటిస్తారు. అవునా?

"మరీ కిందికి వచ్చాడు" అని రాశావు. ఎందుకు వచ్చాడో రాయలేదు. ఇంజన్ మోగడం విన్నవాడివి, నీ పక్కవీధిలో ఎర్నీ షెడ్డుకి తాళం పడుతుంటే చూస్తూ ఊరుకున్నావు. నా ఇరవై మూడు అడిగావు, అడిగావు, అడిగావు. నీ ఇరవై మూడు ఏదీ? నన్ను అబద్ధాలకోరు అన్నావే, అనడానికి నీకు నోరెలా వచ్చింది?

చీటీ మీద ఏం రాశావు? అక్షరం పొల్లు పోకుండా చెప్పు.

నెరిడా

•

మెరింగా
11 మే

నెరిడా,

"మా పిల్ల మెల్బోర్న్ నుంచి కొత్త లెన్సుతో వస్తోంది. గుంపు చివర ఎర్ర టోపీ. వీపు దానికి చూపించు. కాస్త కిందికి." అదీ చీటీ. అక్షరం పోలేదు. ఆ "కాస్త కిందికి" రాసేటప్పుడు ఇంకు అయిపోయింది. పెన్సిల్ తెచ్చుకుని మరీ రాశాను.

రాస్ ఎగిరే ముందు చుక్క ముట్టడు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. పెట్టె ఇప్పటికీ నా వంటింట్లో ఉంది. పైలట్ కిందికి దిగాకే తాగాలి, అతనే అందరికీ పంచాలి, అది పద్ధతి. అంత పద్ధతిగా రూలు తప్పేవాళ్ళం మేము. పదహారేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోతే తప్పు కాదనుకున్నాం.

రెండేళ్ళుగా నువ్వు ఇంటికి రావడమే తగ్గించేశావు. వస్తే కరపత్రాలు చదివి వినిపించి పోతావు. మన మధ్య మిగిలింది ఈ కంచె ఒక్కటే. నీకొక మంచి ఫోటో దొరికితే మళ్ళీ వస్తావని ఆశపడ్డాను. దీన్ని సాకుగా తీసుకోకు. సాకులు విని విని నాకే వెగటుగా ఉంది.

నీ ఇరవై మూడు ఎందుకు అంతగా అడిగానో నువ్వు కనిపెట్టేశావు, అయినా నా చేత్తో రాస్తాను. అది బయటికొస్తే ఎర్నీ గట్టెక్కుతాడు, నేను నోరు విప్పక్కర్లేదు. నా పిరికితనానికి నీ కెమెరాని అడ్డం పెట్టుకుందామనుకున్నాను. ఎర్నీ నాతో నలభై ఏళ్ళుగా కార్డులాడుతున్నాడే! పొద్దున్నే పంకాని చేత్తో తిప్పుతూ మూడు చుట్లు, తొమ్మిది రెక్కలు లెక్కపెట్టందే ఏ ఇంజనూ స్టార్టు చెయ్యనివ్వని మనిషి. అతని తలుపు మీద మేకు చూస్తూ నెలన్నర నడిచాను.

కానీ ఒకటి విను. నన్ను తిట్టు, నేను తిట్టించుకుంటాను. నీ కత్తెర మాత్రం నాది కాదు. అది నువ్వు కత్తిరించిందే. నా పాపం చూపించి నీది దాచుకుంటే మాత్రం ఊరుకోను.

విచారణకి నేను వెళ్తానో లేదో ఇంకా తెలీదు. ఊరంతా కూర్చుంటారు. రాస్ వాళ్ళమ్మ మొదటి వరసలో కూర్చుంటుంది.

క్లెమ్

•

ఫుట్స్‌క్రే
3 జూన్

మామయ్యా,

నీ ఉత్తరం వచ్చాక ఒక కప్పు గోడకేసి కొట్టాను. అది హ్యూగోది. ఇంకో రకంగా చూస్తే అది కూడా మంచికే అయింది, చెప్తాను విను.

మా వాళ్ళందరినీ కూర్చోబెట్టి మూడు ఫ్రేములూ బల్ల మీద పెట్టాను. దిద్దుబాటు వేద్దాం, మొదటి పేజీలోనే వేద్దాం అన్నాను. హ్యూగో గడ్డం నిమురుకుంటూ, "చూడు కామ్రేడ్, ఆయుధాల కంపెనీ ఉందా లేదా?" అన్నాడు.

"ఉంది."

"గుడారం ఉందా?"

"ఉంది. రొయ్యలు కూడా ఉన్నాయి."

"మరి మనం చెప్పిన అసలు విషయం నిజమే కదా. పంకా తిరిగిందా ఆగిందా అన్నది సాంకేతిక వివరం. శత్రువు చేతికి కత్తి ఇస్తావా?"

"కత్తి ఎప్పుడో ఇచ్చాం హ్యూగో! అది ఎర్నీ పాస్కో వీపులో దిగి ఉంది. అతను శత్రువా? అతనికి గోళ్ళ కింద గ్రీజు తప్ప ఏముంది?"

"పెద్ద పోరాటంలో కొందరు నలుగుతారు."

ఇదే మాట గుడారంలో సూటు వేసుకున్నవాడు అంటే మనం కరపత్రం వేస్తాం అన్నాను. అప్పుడే కప్పు విసిరింది. రోనియో మిషను తనదే కాబట్టి తను వెయ్యనన్నాడు. సరే పొమ్మన్నాను. చర్చి హాల్లో ఒక ముసలావిడ అల్లికల పత్రిక వేస్తుంది, ఆవిడ మిషను ఇచ్చింది. ఆదివారం మధ్యాహ్నమంతా చేతులు నల్లగా చేసుకుని వేశాను. మూడు ఫ్రేములూ పక్కపక్కన. కింద ఏం రాశానంటే: "పంకా తిరుగుతూనే ఉంది. నా చక్రమే తిరగలేదు. తెలిసీ కత్తిరించాను. ఎర్నెస్ట్ పాస్కో తప్పేమీ లేదు. నెరిడా కాఫ్లిన్." పాత కాగితం పంచిన ప్రతి మూలలోనూ నిలబడి పంచాను. పెద్ద పేపరు వాళ్ళకీ పంపాను. వేస్తే పన్నెండో పేజీలో గుర్రప్పందాల పక్కన వేస్తారు, నాకు తెలుసు.

ఇందులో నీ బీరు సంగతి రాయలేదు. అది నీ చేత్తో నువ్వు చెప్పాల్సింది.

కంపెనీ మీద నా కోపం వీసమెత్తు తగ్గలేదు, తగ్గదు. ఈసారి చూసిందే రాస్తాను, అంతే తేడా. తివాచీ చూశాను, తివాచీ రాస్తాను.

పంతొమ్మిదిన పొద్దున బస్సుకి వస్తున్నాను. నువ్వు రాకపోతే నీ పేరు నేను చెప్పను. కానీ ఆ తర్వాత నీకు మేనకోడలు ఉండదు. బెదిరింపే. అలాగే తీసుకో.

నెరిడా

•

మెరింగా
30 జూన్

నెరిడా,

నువ్వు బస్సెక్కాక జరిగింది రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఫోన్ పెట్టించుకోమంటావు. పెట్టించుకుంటే ఇలాంటివి నోటితో చెప్పాలి. నా వల్ల కాదు.

ముందు హాలు సంగతి, నువ్వు చూసిందే అయినా: నీ వెనక వరసలో ఉన్నాను. నువ్వు లేచి "తెలిసీ కత్తిరించాను" అన్నప్పుడు డాఫ్నీ నోరు తెరిచింది, ఇప్పటికీ మూసినట్టు లేదు. ఆ తర్వాత నేను లేచాను. పది అడుగులు కూడా లేని ఆ బల్ల దాకా నడవడానికి ధాన్యం బస్తా మోస్తున్నట్టుంది. చీటీ చదివాను. "కాస్త కిందికి" దగ్గర రాస్ వాళ్ళమ్మ నన్ను చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న తీర్పు కాగితం వచ్చింది. ఎర్నీ లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. ఆ వంపు రూలుకి విరుద్ధం, దానికి పురికొల్పింది నేను అని రాశారు. నన్నూ, నాతో పాటు బీరు పెట్టే ముసలాళ్ళ గుంపునీ మెరింగా కంచె దగ్గరికి బతికున్నన్నాళ్ళూ రానివ్వరు. తగిన శాస్తే. అయినా ఒళ్ళు మండుతోంది. కంపెనీ గుడారానికి మాత్రం వచ్చే మార్చికి చోటు రెట్టింపు చేశారు. అది చదివినప్పుడు మొదటిసారి నీ కరపత్రాలు నాకు సరిగ్గా అర్థమయ్యాయి. నీ దగ్గర మిగిలినవేమైనా ఉంటే పంపు.

ఎర్నీ నాతో మాట్లాడడం లేదు. కార్డులు లేవు. ఊనా తలుపు తీసి, చూసి, మూసేస్తోంది. ఇది తొందరగా బాగుపడుతుందని నేను అనుకోవడం లేదు, నువ్వూ అనుకోకు.

కానీ ఈ పొద్దున షెడ్డు తాళం తీశారు. దారిన పోతూ ఆగాను. ఎర్నీ ఇంకో పాత విమానాన్ని బయటికి లాగించాడు. మా ఇద్దరి మధ్యా కంచె ఉంది. పంకాని చేత్తో తిప్పుతున్నాడు. నేను మనసులోనే లెక్కపెట్టాను, తొమ్మిది. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు:

"కెమెరా తెచ్చావట్రా?"

"కార్లో ఉంది."

"కెమెరా స్టాండు?"

"అదీ ఉంది."

"ఎంతలో కొడతావు?"

"అరవయ్యో వంతులో."

"మరి నిలబడి చూస్తావేం, తీసుకురా."

పైలట్‌ని ఎక్కించి ఇంజన్ స్టార్టు చేయించాడు. తను వెళ్ళి పంకా వెనక, రెక్క మొదట్లో నిలబడ్డాడు. గాలికి చొక్కా కొట్టుకుంటోంది. మేకు కొట్టిన నీ పాత కరపత్రం చేతిలో పట్టుకున్నాడు. నేను ఒకే ఒకటి తీశాను. కెమెరా స్టాండు మీద బిగించే తీశాను.

మధ్యాహ్నమే కడిగి, ప్రింట్ తీసి, అతని తలుపు కింద నుంచి తోశాను. గంటలో వెనక్కి వచ్చింది, నా తలుపు కింద నుంచి. అదే ఈ కవర్లో ఉంది. చూడు. పంకా లేదు, దాని చోట పొగమంచులాంటి చక్రం ఉంది. ఆ చక్రం లోంచి ఎర్నీ మొహం స్పష్టంగా కనిపిస్తోంది. నవ్వడం లేదు. నిన్నే చూస్తున్నాడు.

వెనక్కి తిప్పు. ఆ గ్రీజు మరకల రాత అతనిదే. నీకే రాశాడు.

"తిరుగుతోంది. దీన్ని వెయ్యి, మొదటి పేజీలో."

మీ మామయ్య